చుక్కి ప్రాజెక్టు డైరీ: పరుగు తగ్గించి ముక్కుకు పని పెట్టిన తొమ్మిది వారాలు

స్థలం తిరుపతి, కొర్లగుంట. ముందర చిన్న వాకిలి, ఇనుప గ్రిల్ గేటు, పైన మిద్దె. కుక్క నాటుది, ఆడది. పళ్లను బట్టి సుమారు 11 నెలలు, బరువు 14 కిలోలు. ఎడమ చెవి కొసన చిన్న కత్తిరింపు ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. నొసట తెల్ల మచ్చ ఉండడంతో పేరు చుక్కి. మార్చి మొదట్లో ఇంటికి వచ్చింది.

వచ్చిన రోజు నుంచి చుట్టుపక్కల వాళ్లందరిదీ ఒకటే సలహా: పొద్దున, సాయంత్రం గంటసేపు పరిగెత్తించండి, అలిసిపోయి మూల పడుంటుంది. ఈ డైరీ మొత్తం ఆ సలహాకు ఎదురు నడిచింది. రోజూ గంట పరిగెత్తే కుక్కకు నెల తిరిగేసరికి గంటన్నర పరిగెత్తే దమ్ము వస్తుంది. ఒళ్లు గట్టిపడుతుంది కానీ కుదురుగా పడుకోవడం మాత్రం దానికి రాదు. అది విడిగా నేర్పాల్సిన విద్య.

రోజు 1 నుంచి 3. కాగితం, పెన్ను మాత్రమే

ఈ మూడు రోజులూ ఏమీ నేర్పలేదు. బంధువులను పిలవలేదు, స్నానం చేయించలేదు. గంటగంటకూ నిద్ర, అరుపు, దూకడం, కొరకడం ఒక కాగితం మీద గుర్తు పెట్టాం. మూడో రోజు తేలిన లెక్క: 24 గంటల్లో నిద్ర 9 గంటలే. ఈ వయసు కుక్క 14 గంటలదాకా పడుకోవాలి. నిద్ర చాలని పసిబిడ్డ సాయంత్రం పేచీ పెట్టినట్టే, చుక్కి గొడవంతా 6 నుంచి 8 గంటల మధ్యే. చీర కుచ్చిళ్లు పట్టి లాగడం, చెప్పులు ఎత్తుకుపోవడం, సోఫా మీది నుంచి మనిషి మీదికి దూకడం, అన్నీ అప్పుడే. బయటికి బలం ఎక్కువైనట్టు కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది అలసట.

అందుకని మొదటి మార్పు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా తప్పనిసరి విశ్రాంతి. వెనక గది, కిటికీకి గుడ్డ, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్, నీళ్లు. పిల్లలెవరూ ఆ గది తలుపు తీయకూడదు.

వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో రేబిస్ టీకా, పురుగుల మందు, గోమార్లకు మెడ మీద వేసే చుక్కల మందు అయిపోయాయి. ఆటలో పన్ను తగిలి చర్మం చీరుకుంటే, టీకా వేసిన కుక్క కదా అని ఊరుకోకూడదు. పారే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

రోజు 4. ‘టక్’ చప్పుడు

నాలుక అంగిట్లో తగిలించి ఒకసారి ‘టక్’ మనడం, వెంటనే ఒక ముక్క ఇవ్వడం. ఈ క్షణం నువ్వు చేసింది బాగుంది, దానికి కూలి వస్తుంది అని ఆ చప్పుడుకు అర్థం. పొద్దున 20 సార్లు, సాయంత్రం 20 సార్లు. చుక్కి వేరేవైపు చూస్తున్నప్పుడు టక్ అంటే చటుక్కున తల తిప్పింది, అంటే ఎక్కినట్టే.

ముక్కల లెక్క ఇది. బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో హెచ్చవేస్తే 507 వస్తుంది, ఊరికే పడుకున్నా ఒంటికి రోజుకు కావాల్సిన కేలరీలు అవి. ఆపరేషన్ అయిన కుక్క కాబట్టి దాన్ని 1.6తో హెచ్చవేస్తే రోజుకు సుమారు 810 కేలరీలు. బహుమతి ముక్కలు అందులో పదో వంతు దాటకూడదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన కోడి రొమ్ముకండ 50 గ్రాములంటే సుమారు 80 కేలరీలు. బఠాణీ గింజంత కోస్తే వంద ముక్కలు అవుతాయి. రోజు మొత్తానికి అదే కోటా. మిగిలిన 730లో సుమారు 720 కేలరీలకు, 100 గ్రాములకు 350 కేలరీలున్న పొడి తిండి 205 గ్రాములు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, చప్పుడుకంటే ముందే చెయ్యి సంచీలోకి పోయింది. కుక్కకు కన్ను చురుకు. చెయ్యి కదిలితే ఇక చప్పుడు వినదు, చేతినే చూస్తుంది. రెండు చేతులూ బొడ్డు దగ్గర కట్టుకుని నిలబడి, టక్ అన్నాక మనసులో ‘ఒకటి’ అనుకుని, అప్పుడు చెయ్యి కదిలించాలి. ఈ ఒక్కటి సరిదిద్దుకోవడానికి మనుషులకు రెండు రోజులు పట్టింది.

రోజు 5. మాటల పట్టీ

తెలుగిళ్లలో కుక్కకు నేర్పేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ‘రా’ అనే మాట ఇంట్లో పొద్దుగూకులూ వినపడుతూనే ఉంటుంది. ‘తినురా’, ‘పోరా’, ‘ఏందిరా ఇది’. ఆ అక్షరం వంద సార్లు విని, వందసార్లూ ఏమీ జరగకపోతే కుక్కకు అది ఫ్యాన్ చప్పుడుతో సమానం. అందుకే దగ్గరికి పిలవడానికి మాట వద్దనుకుని ఈల పెట్టుకున్నాం, రెండు పొట్టి కూతలు. ‘వద్దు’, ‘వదులు’ కూడా కుక్క చెవికి ఒకటే, మొదలు రెండింటికీ ఒక్క తీరుగా ఉంది. నోట్లోది విడవడానికి ‘ఇచ్చేయ్’ అని మార్చాం. కూర్చోవడానికి ఒకరు ‘కూచో’, ఇంకొకరు ‘కూర్చో’, అవ్వ ‘కూసోవే’ అంటుంటే మూడూ మూడు మాటలు. పట్టీ రాసి ఫ్రిజ్ మీద అంటించాం: కూచో, చాప (గోనె మీదికి పోయి ఉండడం), ఇచ్చేయ్, తిరుగు (వచ్చిన దారినే వెనక్కి మళ్లడం), ఈల. ఐదే.

రోజు 6 నుంచి 8. ఇడ్లీ రేకులు

తిండి గిన్నె లోపల పెట్టేశాం. 205 గ్రాముల్లో 70 గ్రాములు పొద్దున ఇడ్లీ రేకుల్లో, 60 నడకలో, 75 సాయంత్రం ముక్కుచాపలో (వాసనతో వెతుక్కునే ఈ గుడ్డచాప రోజు 9 నుంచి కట్టాం).

నాలుగు గుంతల రేకులు మూడు. మొదటి రోజు గుంతల్లో తిండి మూత లేకుండా పోశాం. రెండో రోజు సగం గుంతల మీద పాత టెన్నిస్ బంతులు పెట్టాం. మూడో రోజు అన్నిటి మీదా బంతులు, కానీ తిండి ఆరు గుంతల్లోనే. అక్కడినుంచి కళ్లతో పని లేదు, వాసనతోనే ఏరుకోవాలి.

బండల నేల మీద రేకు జారి టంగుమంది. చుక్కి రెండడుగులు వెనక్కి పోయి మళ్లీ దగ్గరికి రాలేదు. రేకు కింద తడిపి పిండిన గోనెసంచి ముక్క పరిచాక జారడం, మోగడం రెండూ ఆగిపోయాయి. కొత్త వస్తువు చప్పుడు చేస్తే మొదటి రోజే ఆట చెడుతుంది, ఇది ముందే చూసుకోవాలి.

పని బాగా సాగుతున్నప్పుడు దగ్గరగా కూర్చుని చూడదగ్గ దృశ్యం ఇది. ముక్కు బంతికి ఆనదు, ఒక వేలు ఎడంలో ఆగుతుంది. గబగబా బుస్‌బుస్‌మని నాలుగైదు పీల్పులు, ముక్కు పుటాల పక్క చీలికలు వణుకుతుంటాయి, రేకు అంచున ఆవిరి మచ్చ పడి ఆరిపోతుంది. ఖాళీ గుంత దగ్గర ఆగకుండా తల పక్కకు జరుగుతుంది. ఉన్న గుంత దగ్గర తోక ఒక్క క్షణం బిగుసుకుని, అప్పుడు మూతితో బంతిని నెడుతుంది. ఈ 12 గుంతలకు 9 నిమిషాలు. అయ్యాక ఒళ్లంతా ఒకసారి దులుపుకుని, గుమ్మం పక్కన ఒత్తిగిలి గంటా పది నిమిషాలు పడుకుంది. అంతకుముందు రోజు 40 నిమిషాలు పరిగెత్తాక పడుకున్నది పావుగంట.

బంతి నోట కరుచుకుని పీకడం మొదలుపెడితే ఆట అయిపోయినట్టే. బంతుల నూగు పంటి ఎనామిల్‌ను అరగదీస్తుంది, పీచు మింగితే పేగుకు అడ్డం. ఆట అయిన వెంటనే బంతులు లెక్కపెట్టి డబ్బాలో వేయాలి.

రోజు 9 నుంచి 11. ముక్కుచాప తయారీ

రంధ్రాలున్న రబ్బరు డోర్‌మ్యాట్, 40 సెంటీమీటర్లకు 60. రంధ్రాల గుండా గుడ్డ పేలికలు తోసి ముడేస్తే గడ్డి దుబ్బులాగా లేస్తుంది, మధ్యలో తిండి చల్లితే కుక్క వెతుక్కుంటుంది. మొదట పాత నూలు చీరతో కట్టాం, అది రెండు విధాలా తప్పే. నూలు పలచన, పేలికలు నిలబడక చాపకు అతుక్కుపోయాయి, రెండు నిమిషాల్లో తిండంతా ఏరేసింది. పైగా కత్తిరించిన అంచుల నుంచి దారాలు లేచి నోట్లోకి పోయాయి. పొడుగు దారం పేగులో చిక్కుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది. విప్పేసి పాత టీషర్టులతో మళ్లీ కట్టాం. బనియన్ గుడ్డ కత్తిరిస్తే దారం రాదు, అంచు తనంతట తాను చుట్టుకుని నిలబడుతుంది. పేలిక 3 సెంటీమీటర్ల వెడల్పు, 18 పొడవు. సుమారు 250 పేలికలు, నాలుగు టీషర్టులు పట్టాయి. వరుస విడిచి వరుస కడితే పలచగా ఉంటుంది, ప్రతి రంధ్రానికీ కట్టాలి. వారానికోసారి ఉతికి ఎండలో ఆరేయకపోతే తిండి పొడికి చీమలు పడతాయి.

75 గ్రాములకు 14 నిమిషాలు. ఈ ప్రాజెక్టులో పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలం ఇచ్చిన వస్తువు ఇదే.

రోజు 12 నుంచి 20. ‘చాప’

మడతపెట్టిన గోనెసంచి మీదికి పోయి, పిలిచేదాకా అక్కడే ఉండడం. ఒక్కోసారి మూడు నిమిషాలకు మించి నేర్పలేదు, రోజుకు నాలుగుసార్లు.

ముందు మాటే లేదు. గోనె మీద ఒక్క కాలు పడితే టక్, ముక్క గోనె మీదే. తర్వాత నాలుగు కాళ్లూ పడితేనే టక్. ఆ తర్వాత పడుకుంటేనే. పదిలో ఎనిమిదిసార్లు తప్పు లేకుండా చేశాకనే మెట్టు పెంచాం. ‘చాప’ అనే మాట నాలుగో రోజు జతచేశాం, ఎందుకంటే పని రాకముందు మాట చెబితే ఆ మాటకు తప్పు పనే అంటుకుంటుంది.

సెకన్లు పెంచే తీరు ముఖ్యం. 2, 4, 6, 8, 10 అని వరుసగా పెంచితే ప్రతిసారీ కష్టం ఎక్కువవుతోందని కుక్క పసిగట్టి మధ్యలో లేచిపోతుంది, రోజు 14న అదే జరిగింది. 3, 6, 2, 9, 4, 12, 1, 15 అని ఎగుడుదిగుడుగా ఇచ్చాం. రోజు 20కి రెండు నిమిషాలు. కాలం పెంచేటప్పుడు దూరం పెంచలేదు, దూరం పెంచేటప్పుడు కాలం సగానికి తగ్గించాం. రెండూ ఒకేసారి పెంచడమే అన్నిళ్లలో జరిగే పొరపాటు.

ఇవి కాక, చుక్కి తనంతట తాను తల నేలకానించి పడుకున్న ప్రతిసారీ ఏమీ అనకుండా, పలకరించకుండా ఒక ముక్క ముందు కాళ్ల మధ్య పెట్టి పోవడం అలవాటు చేశాం. రోజుకు పది ముక్కలు దీనికే. గొడవ చేస్తే అందరూ చూస్తారు, ఊరికే ఉంటే ఎవరూ చూడరు అని కుక్కకు తెలిసిపోకముందే ఇది మొదలుకావాలి.

రోజు 17. గేటు

పాలాయన ఐదున్నరకు వస్తాడు. క్యాన్ చప్పుడుకే గేటు మీద రెండు కాళ్లు, గొంతు చించుకున్న అరుపు. ఆయన వెళ్లిపోతాడు, అరిచాను కాబట్టే పోయాడని చుక్కి లెక్క. రోజూ ఇదే పాఠం గట్టిపడుతోంది.

గ్రిల్‌కు కింద మూడడుగుల ఎత్తున ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టాం. క్యాన్ చప్పుడు వినగానే వాకిట్లోకి కాకుండా నడవ చివరికి, తొమ్మిది అడుగుల వెనక్కి తీసుకుపోయాం. అక్కడినుంచి పాలాయనను చూసిన క్షణాన, అరవకముందే టక్. ముక్కకోసం తల తిప్పుతుంది. మళ్లీ చూస్తే మళ్లీ టక్. ముక్క తీసుకోకపోయినా, వేళ్లు కలిపి కొరికినట్టు తీసుకున్నా దూరం చాలలేదని అర్థం, ఇంకా వెనక్కి జరగాలి. ఆరో రోజుకు క్యాన్ మోగితే గేటుకు బదులు మనిషి ముఖం చూసింది.

రోజు 21 నుంచి 28. వీధి

ఛాతీ మీద ఇంగ్లీషు ‘వై’ ఆకారంలో ఉండే హార్నెస్, ముందు రింగుకు రెండు మీటర్ల తాడు. సాగే తాడు పనికిరాదు, లాగితే పొడవు పెరుగుతుందని అదే నేర్పుతుంది. మెడ బెల్టు పేరు, ఫోన్ నంబరు బిళ్లకే.

తాడు బిగిసిన క్షణాన ఆగిపోవడం, వదులైన క్షణాన టక్ అని నడవడం. మొదటి రోజు వంద అడుగులకు 11 నిమిషాలు పట్టింది. అది నష్టం కాదు, అంతసేపూ తల పనిచేసింది. తర్వాత ఇంకో మార్పు: 20 నిమిషాల నడకలో 12 నిమిషాలు వాసనలకే. కరెంటు స్తంభం దగ్గర నిమిషంన్నర నిలబడితే నిలబడనిచ్చాం. కుక్కకు ఆ స్తంభం వీధి వార్తల పత్రిక, మధ్యలో లాగేస్తే అరకొర చదువు.

పక్క వీధి కుక్కల గుంపు ఎదురైనప్పుడు తాడు బిగించి నిలబడితే కయ్యానికి పిలిచినట్టే. ‘తిరుగు’ అని, వచ్చిన దారినే వెనక్కి. ఈ మాట ఇంట్లో నడవలో 60 సార్లు సాధన చేశాకే వీధిలో వాడాం.

రోజు 23. లడ్డు

ఇది విడిగా రాయాల్సిన విషయం, ఎందుకంటే ఈ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పక్కింటి అవ్వ కొండ మీది నుంచి వచ్చి ప్రేమగా అంది, ‘నాయనా, ప్రసాదం, మూగజీవానికి కూడా రవ్వంత పెట్టండి.’ లడ్డులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో కుక్కకు కుక్కకు తేడా ఉంది కాబట్టి రవ్వంతయినా పెట్టకూడదు. తినేస్తే వాంతి అయ్యేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి. అవ్వకు ఇదే చెప్పి, పొడి తిండి డబ్బా ఒకటి ఆమె చేతికిచ్చాం. రోజూ గుప్పెడు వాకిట్లో చల్లుతుంది, చుక్కి ఏరుకుంటుంది. ఆ గుప్పెడు 205 గ్రాముల్లోంచే.

చిత్తూరు వైపు నుంచి మామిడి దిగే కాలం కూడా దగ్గరపడుతోంది. పండు ముక్క పరవాలేదు, టెంక మాత్రం పేగులో ఇరుక్కుంటుంది. చెత్తబుట్టకు మూత.

రోజు 29 నుంచి 34. వేటకర్ర, మిద్దె

ముప్పావు అంగుళం పీవీసీ పైపు 1.2 మీటర్లు, లోపలినుంచి 2 మీటర్ల నైలాన్ తాడు, కొసన గుడ్డ. నేల మీద పాములాగా లాగితే కుక్క తరుముతుంది. తరమడం దాని రక్తంలో ఉంది, దానికి ఒక దారి చూపడం మంచిదే. కానీ మొదటి రోజు పది నిమిషాలు ఆడించాం, ఆ రాత్రి నిద్ర రెండు గంటలు తగ్గింది. ఉద్రేకం ఎక్కింది, దిగలేదు. కోత పెట్టాం: ఒక్కో విడత 40 సెకన్లు, గుడ్డ పట్టుకున్నాక ‘ఇచ్చేయ్’, ‘కూచో’, మళ్లీ 40. మొత్తం మూడు నిమిషాలు, చివర గుప్పెడు తిండి చల్లి ముక్కుకు పని. గుడ్డ నేలను విడిచి లేవకూడదు, గాల్లో మెలి తిరిగి దిగితే మోకాలు పోతుంది.

ఈ ఆట మిద్దె మీద ఆడకూడదు. కొండ దగ్గర కాబట్టి కోతులు వస్తాయి, పిట్టగోడ మూడడుగులే. తరుముతున్న నాటు కుక్క ఆ గోడను ఒక్క దూకులో దాటుతుంది. మిద్దె తలుపుకు గడియ పైన ఇంకో గొళ్లెం బిగించాం.

ఏప్రిల్ ఎండకు నడక వేళలు పొద్దున 5.15, రాత్రి 8.30. తారు మీద అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనవు. మధ్యాహ్నం ఆటకు పలుచటి రాగి అంబలిలో మజ్జిగ కలిపి, చిన్న గిన్నెలో గడ్డకట్టించి ఇచ్చాం, నాకడానికి 20 నిమిషాలు. నాకడం కుక్కను చల్లబరిచే పని, ఒంటినే కాదు మనసునూ.

రోజు 38. మంచి కుక్క అయిపోయిందని అనుకున్న రోజు

పొద్దున గేటు దగ్గర అరుపు లేదు. లాగలేదు. ఇడ్లీ రేకుల్లో మూడు గుంతలు తిని వదిలేసింది. శిక్షణ పండిందని సంబరపడాల్సిన రోజు కాదు అది. జ్వరం చూస్తే 103.8 డిగ్రీల ఫారన్‌హీట్, మామూలుగా 101 నుంచి 102.5 ఉండాలి. కాలివేళ్ల సందున రెండు గోమార్లు. రక్తపరీక్షలో ఎర్లీకియా, అంటే గోమార్ల కాటుతో సోకే జబ్బు, ప్లేట్‌లెట్లు తక్కువ. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చిన్న దెబ్బకూ లోపల రక్తం కారొచ్చు కాబట్టి వేటకర్ర పూర్తిగా బంద్. మాత్ర తిండితోనే ఇవ్వాలి, ఒట్టిగా మింగిస్తే గొంతు గొట్టంలో నిలిచి ఒరుస్తుంది. పాలు, పెరుగుల్లోని కాల్షియం మందును పట్టేసి ఒంటికి ఎక్కనీయదు, అందుకని అంబలిలో మజ్జిగ మానేసి ఉల్లి లేని కోడి ఉడికించిన నీళ్లు కలిపాం.

మూడో రోజుకు రేకులన్నీ ఖాళీ చేసింది. అప్పటినుంచి నడక అవగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట వేలితో తడిమి చూడడం రోజువారీ పట్టీలో చేరింది. చురుకైన కుక్క ఉన్నట్టుండి బుద్ధిమంతురాలైతే థర్మామీటరు తీయాలి.

రోజు 50 నుంచి 61. డప్పులు

మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. వారం రోజులు డప్పులు, పంబలు, వీధుల్లో వేషాలు. ముఖానికి రంగు, చేతిలో వేపమండ, కాళ్ల గజ్జెలతో బైరాగి వేషమో మాతంగి వేషమో గేటు ముందు నిలబడితే చుక్కికి అది మనిషి కాదు.

అందుకే ముందుగానే అలవాటు మొదలుపెట్టాం. ఫోన్‌లో డప్పు చప్పుడు, స్పీకరు 15 అడుగుల దూరంలో, వాల్యూమ్ ఒకటి. చప్పుడు మొదలైన రెండు సెకన్లకు కోడిముక్కలు, చప్పుడు ఆగగానే ముక్కలూ ఆగాలి. ఈ వరుస తిరగబడితే పని చెడుతుంది. ముక్క చూపించి చప్పుడు పెడితే, ముక్క వస్తే భయం వస్తుందని నేర్చుకుంటుంది. రోజుకు ఎనిమిది విడతలు, ఒక్కోటి పది సెకన్లు. చెవులు వెనక్కి పోయినా, పెదవి నాక్కున్నా, నమలడం ఆగినా ఆ రోజుకు చాలు. రోజు 56న తొందరపడి వాల్యూమ్ ఒకటి నుంచి మూడుకు పెంచితే మంచం కిందికి పోయింది. మళ్లీ ఒకటికి వచ్చి, రెండు రోజుల తర్వాతే రెండు.

ఇంట్లోవాళ్లే ఒకరు ముఖానికి పసుపు పూసుకుని, తలకు తువ్వాలు చుట్టి, 20 అడుగుల దూరంలో పక్కకు తిరిగి కూర్చున్నారు. చుక్కి చూసిన ప్రతిసారీ టక్. నాలుగో రోజు తానే నడిచి వచ్చి పసుపు ముఖం వాసన చూసి, తోక ఊపింది.

రోజు 61 లెక్క. నిద్ర 14 గంటలు. చాప మీద 12 నిమిషాలు. ఈల వేస్తే వాకిట్లో పదికి పదిసార్లు, వీధిలో పది మీటర్ల తాడుతో పదికి ఏడుసార్లు, కాబట్టి వీధిలో తాడు తీయడం లేదు. డప్పు వాల్యూమ్ మూడు. మందు ఇంకా నాలుగు రోజులు ఉంది. జాతర రోజులకు వెనక గది సిద్ధం: కిటికీకి మందపాటి దుప్పటి, ఫ్యాన్, గడ్డకట్టిన అంబలి గిన్నెలు ఆరు, ముక్కుచాప ఉతికి ఆరేసి ఉంది. గేటుకు తాళం, మెడ బెల్టుకు నంబరు బిళ్ల. డప్పు దగ్గరికి వచ్చే వేళకు ముందే నడక ముగించాలి.